పాత సైనిక కత్తి అసలుదా, నకిలీదా? కొనే ముందు వరుసగా చూడాల్సినవి

"సార్, ఈ కత్తి అసలుదేనా?" అంటూ వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. హనుమకొండ నుంచి, జమ్మికుంట నుంచి, నిర్మల్ నుంచి కూడా పంపుతున్నారు. దాదాపు అన్ని ఫొటోలూ ఒకేలా ఉంటాయి. కత్తిని మంచం మీద పెట్టి, నిలబడి పైనుంచి తీసినవి. ఆ ఫొటో చూసి ఎంత తెలిసినవాళ్లయినా ఏమీ చెప్పలేరు. సంగతి బయటపడేది గార్డు పక్కనున్న రెండంగుళాల్లో, వెన్ను మందంలో, పిడి చివర ఉన్న చిన్న గుబ్బలో.

అందుకే నేను కత్తిని చూసే వరుసను మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఈ వరుస తప్పకండి. ముందు అమ్మేవాళ్ల కథ విని తర్వాత కత్తి పట్టుకుంటే, మన కళ్లు ఆ కథకు సాక్ష్యాలు వెతకడం మొదలుపెడతాయి. నేను అలాగే మోసపోయాను. ఆ సంగతి 6వ భాగంలో చెప్తాను.

## 1. ముందు భాగాల పేర్లు

కోసే ఇనుప భాగం అలుగు. దాని పదునైన వైపు వాదర, ఎదురు వైపు వెన్ను, చివర మొన. అలుగు పొడవునా ఉండే కాలువ లాంటిది గాడి.

చేతికి అడ్డంగా ఉండే లోహం గార్డు. పట్టుకునేది పిడి, దాని చివరి ముక్క పిడి తల. అలుగు నుంచి పిడి లోపలికి దూరే ఇనుప తోకను ట్యాంగ్ అంటారు. కత్తి దాచేది ఒర.

గార్డును ఆనుకుని, అలుగు మీద పదును పెట్టకుండా వదిలేసిన జాగాను రికాసో అంటారు. ముద్రలు ఎక్కువగా ఉండేది అక్కడే. మోసం ఎక్కువగా జరిగేదీ అక్కడే.

## 2. నకిలీలో ఎన్ని రకాలు

"అసలు", "నకిలీ" అని రెండే డబ్బాలు పెట్టుకుంటే ఇబ్బంది పడతారు. మన చేతికి వచ్చేవి ఈ రకాలు:

- అలంకారపు కత్తులు. పెళ్లికొడుకు చేతికిచ్చేవి, నాటకాలకు వాడేవి, గోడకు తగిలించేవి. వీటిని ఎవరూ పాతవని చేయలేదు. పదేళ్లు అటక మీద పడి ఉన్నాక ఎవరో ఒకరు పాతవని అమ్ముతారు.
- నకలు అని చెప్పి చేసినవి. డెహ్రాడూన్‌లో సైన్యాల పరేడ్ కత్తులు, పాత నమూనాల నకళ్లు బాగా తయారవుతాయి. అవి మంచి వస్తువులే. చెయ్యి మారే కొద్దీ "నకలు" అన్న మాట జారిపోతుంది.
- అతుకుల కత్తులు. అలుగు ఒక కత్తిది, పిడి ఇంకోదానిది, ఒర మూడోదానిది.
- ముద్రలు చేర్చిన అసలు కత్తులు. కత్తి నిజంగా పాతదే. ధర పెంచడానికి పేరున్న రెజిమెంటు గుర్తో, రాజు పేరో కొత్తగా కొట్టారు.
- ముసలితనం పూసిన కొత్త కత్తులు. ఆసిడ్, ఉప్పునీళ్లు, గోధుమరంగు పాలిష్‌తో పాతవిగా మార్చినవి.

కొత్తవాళ్లు చివరి రకానికి భయపడతారు. నాకు టెన్షన్ పెట్టేది మాత్రం నాలుగో రకం. అందులో తొంభై వంతులు నిజం, పది వంతులు అబద్ధం కలిసి ఉంటాయి.

## 3. ఇంటి దగ్గర చేసుకోవాల్సిన తయారీ

సంచీలో ఇవి పెట్టుకోండి:

- పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం
- వెర్నియర్ క్యాలిపర్, గుడ్డ టేపు
- చిన్న అయస్కాంతం
- కొక్కెంతో వేలాడదీసే తూకం
- తెల్లని దూది, కుట్టు మిషన్ నూనె చిన్న సీసా
- ఫోన్‌లో ఛార్జింగ్ (టార్చి, కెమెరా రెండూ కావాలి)

అంతకంటే ముఖ్యమైన తయారీ కంటికి చేయాలి. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలో ఒక పూట గడపండి. అన్ని కత్తులూ చూడాలనుకోవద్దు. రెండు తల్వార్ల (మన దేశపు వంపు కత్తుల) ముందు అరగంట నిలబడండి. పిడి అంచులు ఎక్కడ అరిగాయి, ఎక్కడ అరగలేదు, గాడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఇవి కంటికి పట్టాలి. చౌమహల్లా ప్యాలెస్‌లోనూ ఆయుధాల ప్రదర్శన ఉంది.

కొనబోయే కత్తి ఏ నమూనా అని చెప్తున్నారో ముందే ఫోన్‌లో అడగండి. ఆ నమూనా కొలతలు కాగితం మీద రాసుకుని బయలుదేరండి.

## 4. కత్తి చేతికి తీసుకున్నాక మొదటి పని: ఆకారం, నమూనా

"అన్నా, కిటికీ దగ్గర చూడొచ్చా?" అని అడగండి. ట్యూబులైటు కింద తుప్పు రంగు సరిగ్గా కనబడదు. పగటి వెలుగుకు వద్దంటే అక్కడే ఆగిపోండి.

మన వైపు దొరికే బ్రిటిష్ కాలపు కత్తుల్లో ఎక్కువగా పేరు వినిపించేవి ఇవి (ముందున్న అంకె ఆ నమూనా వచ్చిన సంవత్సరం):

1796 తేలిక అశ్వదళ కత్తి. గుర్రపు రికాబు ఆకారంలో ఒకే కమ్మీ గార్డు. వంపు తిరిగిన వెడల్పాటి అలుగు, సుమారు 33 అంగుళాలు.

1853 అశ్వదళ కత్తి. మూడు కమ్మీల గార్డు. ట్యాంగ్ పిడి వెడల్పంతా ఉంటుంది, రెండు వైపులా తోలు చెక్కలు పెట్టి రివెట్లు కొడతారు. రివెట్లు బయటికే కనిపిస్తాయి.

1897 పదాతి దళ అధికారి కత్తి. అలుగు తిన్నగా ఉంటుంది, 32.5 అంగుళాలు. చిల్లుల డిజైన్ ఉన్న ఉక్కు గార్డులో రాజు పేరు అక్షరాలు కనిపిస్తాయి.

1908 అశ్వదళ కత్తి. గిన్నె లాంటి పెద్ద గార్డు, పొడవడానికే చేసిన సన్నని తిన్నని అలుగు, 35 అంగుళాలు.

ఇక్కడే చాలా కథలు కూలిపోతాయి. "1857 తిరుగుబాటులో వాడిన కత్తి" అని ఈ 1908 నమూనా కత్తి చూపిస్తే ఇంకేమీ చూడాల్సిన పని లేదు. ఆ నమూనా యాభై ఏళ్ల తర్వాత వచ్చింది.

కొలతలో అర అంగుళం తేడా వస్తే కంగారు పడొద్దు. అరిగి, సాన పట్టి, మొన విరిగి సరిచేసిన కత్తులు ఉంటాయి. మూడు అంగుళాలు తేడా వస్తే కారణం అడగండి.

## 5. వెన్ను మందం: నకళ్లు ఎక్కువగా దొరికిపోయే చోటు

ఒక్క పరీక్షే చేసే వీలుంటే నేను ఇదే చేస్తాను.

క్యాలిపర్‌తో వెన్ను మందాన్ని మూడు చోట్ల కొలవండి: గార్డు పక్కన, అలుగు మధ్యలో, మొనకు రెండంగుళాల ముందు.

పోట్లాటకు చేసిన అలుగు గార్డు దగ్గర లావుగా మొదలై మొన వైపు పలచబడుతూ పోతుంది. 1796 కత్తికి సాధారణంగా గార్డు దగ్గర 8 మి.మీ. పైన, మొన దగ్గర 2 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. అలా సాగగొట్టకపోతే కత్తి మొన బరువెక్కి, చెయ్యి తిప్పడం కష్టమవుతుంది.

చవక నకలు ఒకే మందం ఉన్న ఇనుప పట్టీ నుంచి కోసి చేస్తారు. మూడు చోట్లా 4, 4, 4 మి.మీ. అని వస్తే అది షోకేసు వస్తువే. మంచి నకళ్లు కొంత పలచబడతాయి కానీ అసలంత కాదు.

ఇప్పుడు కత్తిని మామూలుగా పట్టుకుని మణికట్టు తిప్పి చూడండి. జాగా చూసుకుని, నెమ్మదిగా. పాత కత్తి చూపుకు బరువుగా ఉన్నా చేతిలో తేలిగ్గా కదులుతుంది. నకలు గునపంలా మొన వైపు లాగుతుంది, లేదంటే రేకులా ఊగుతుంది.

అలుగును వంచి పరీక్ష చేస్తామనేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అసలు కత్తి విరిగితే దాన్ని మళ్లీ ఎవరూ తేలేరు.

## 6. రికాసో, ముద్రలు, అక్షరాలు

నా మొదటి కత్తి వరంగల్‌లో ఒక పాతసామాన్ల దుకాణంలో కొన్నాను. మూడు కమ్మీల గార్డు, నల్లబడిన అలుగు. "నిజాం ఫౌజులో సవారుది భాయ్" అన్నాడు. పద్దెనిమిది వేలు ఇచ్చి, టవల్‌లో చుట్టుకుని ఇంటికి తెచ్చాను.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర అలుగును కంటి ఎత్తులో పెట్టి నెమ్మదిగా తిప్పాను. అలుగు మీద పడ్డ కిటికీ చువ్వ నీడ తిన్నగా జారుతూ వచ్చింది. గార్డుకు ఒక అంగుళం ముందు గరిటె లోపలి వైపు నీడ వంగినట్టు వంగి, మళ్లీ తిన్నగా అయింది. ఆ చోట బొటనవేలు పెడితే చిన్న పల్లం. భూతద్దంతో చూస్తే పల్లం నిండా అడ్డగీతలు, అలుగు మీది మిగతా గీతలు మాత్రం నిలువుగా ఉన్నాయి. పల్లం అంచున ఇంగ్లీషు ఎన్ అక్షరం కాలు, దాని పక్కన డి అక్షరం పొట్ట మిగిలాయి.

అక్కడ "ఇండియా" అని ఉండేది. 1891 నుంచి అమెరికాలోకి వచ్చే విదేశీ సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నిబంధన ఉంది. ఎగుమతి కోసం చేసిన నకళ్ల మీద అందుకే ఆ ముద్ర కొడతారు. దాన్ని అరగదీసి, మీద నలుపు పూసి నాకు అమ్మారు. ఆ కత్తిని నేను పారేయలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వస్తే ముందు దాన్నే చేతిలో పెడతాను.

రికాసోను ఇలా చూడండి:

1. అలుగును పక్క నుంచి వెలుగుకు పెట్టి తిప్పండి. నీడ ఎక్కడ వంగినా అక్కడ ఆగండి.
2. ముద్ర అంచును భూతద్దంతో చూడండి. సుత్తితో కొట్టిన ముద్ర చుట్టూ ఇనుము కాస్త ఉబ్బి ఉంటుంది, లోతు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పోతలో వచ్చిన ముద్ర అంచులు సబ్బు మీది అక్షరాల్లా గుండ్రంగా ఉంటాయి. లేజర్‌తో చెక్కింది అడుగున చదునుగా, అంతటా ఒకే లోతు.
3. ముద్ర లోపలి రంగు, బయటి రంగు కలవాలి. చుట్టూ నలుపు, అక్షరం అడుగున మెరుపు ఉంటే అది కొత్తగా కొట్టింది.
4. తుప్పు గుంట మీద ముద్ర ఎక్కిందా, ముద్ర మీద తుప్పు ఎక్కిందా? ముందు ముద్ర, తర్వాత తుప్పు ఉండాలి.

ముద్రల అర్థం కొంత తెలిసి ఉండాలి. బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు మీద బాణం ములికి లాంటి గుర్తు ఉంటుంది. దాని కింద ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వ సొత్తు. రెండు ములుకులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటే సైన్యం ఆ వస్తువును అమ్మేసిందని అర్థం. తనిఖీ ముద్రలో కిరీటం, దాని కింద అక్షరం, అంకె ఉంటాయి.

సిపాయి కత్తి ప్రభుత్వం ఇచ్చేది, అధికారి తన కత్తి తానే కొనుక్కునేవాడు. అందుకని సిపాయి కత్తి మీద ఒక్క ముద్రా లేకపోయినా, అధికారి నగిషీ కత్తి మీద ప్రభుత్వ ముద్రలు కిక్కిరిసి ఉన్నా అనుమానించాలి.

తేదీలు ఒకదానితో ఒకటి కలవాలి. విక్టోరియా రాణి అక్షరాలు వి.ఆర్. ఉంటే 1837 నుంచి 1901 మధ్యది. ఐదో జార్జి 1910 నుంచి 1936 వరకు. 1901 నుంచి 1952 వరకు రాజుల కిరీటం కమానులు గుండ్రంగా పైకి లేచి ఉంటాయి. ఎలిజబెత్ కాలంలో వాడిన కిరీటం మధ్యలో లోపలికి దిగుతుంది. ఐదో జార్జి అక్షరాల మీద మధ్యలో దిగిన కిరీటం కనబడితే, చేసినవాడు 1952 తర్వాతి బొమ్మ చూసి చేశాడన్నమాట.

లండన్‌లో కత్తులు చేసిన విల్కిన్సన్ సంస్థ పేరున్నవి ఎక్కువగా నకలవుతాయి. ఆ సంస్థ "విల్కిన్సన్ స్వోర్డ్" అన్న పేరు పెట్టుకున్నది 1891లో. కాబట్టి 1857 నాటిదని చెప్పే కత్తి మీద ఆ పేరు ఉండకూడదు. 1850ల మధ్య నుంచి వాళ్ల మంచి అలుగుల వెన్ను మీద నంబరు ఉంటుంది. రికాసో మీద ఆరు కోణాల నక్షత్రం మధ్యలో చిన్న ఇత్తడి బిళ్ల అలుగులోకి సమంగా దిగి ఉంటుంది. గోరు పెడితే తగలకూడదు. నకళ్లలో బిళ్ల పైకి లేచో, అతికించినట్టో ఉంటుంది.

## 7. తుప్పు, నలుపు, చిలుము

వందేళ్ల తుప్పు తీరుగా రాదు. చెయ్యి తగిలే చోట ఇనుము నునుపుగా ఉంటుంది, గార్డు మూలల్లో నల్లగా గట్టిపడుతుంది. ఒర నోరు రాసుకునే చోట గీతలుంటాయి. గుంటలు ఒకచోట లోతుగా, ఇంకోచోట అసలు లేకుండా ఉంటాయి.

ఆసిడ్ తుప్పు మశూచి మచ్చల్లా అంతటా ఒకే సైజులో, ఒకే లోతులో ఉంటుంది. గాడి అడుగున, వెన్ను మీద, వాదర మీద ఒకే తీరు. వాదర మీద అంత తుప్పు పట్టి ఉంటే సన్నని అంచు చాలాచోట్ల తినేసి ఉండాలి. నకిలీలో అంచు చెక్కుచెదరకుండా ఉంటుంది.

దూది పరీక్ష. అమ్మేవాళ్లను అడిగి, దూదికి ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేసి, కనబడని చోట మెల్లగా తుడవండి.

- దూదికి నారింజ రంగు పొడి ఎక్కువగా వస్తే కొత్త తుప్పు. మొన్న వర్షాకాలంలో పట్టిందీ అలాగే వస్తుంది. అందుకే ఈ ఒక్కదానితో తీర్పు చెప్పొద్దు.
- లేత గోధుమ, నలుపు మరక కొద్దిగా వస్తే పాతది కావచ్చు.
- బూట్ పాలిష్ వాసనతో ముదురు రంగు వచ్చి, కింద తెల్లటి మెరుపు బయటపడితే సంగతి తేలిపోయింది.

ఇత్తడి గార్డు మీద చిలుము చూడండి. అంతటా ఆకుపచ్చ పొడి పూసినట్టు ఉండి, గోటికి రాలిపోతే అది రసాయనంతో తెప్పించింది. పాత ఇత్తడి బెల్లం రంగులోకి తిరుగుతుంది, సందుల్లోనే పచ్చదనం గట్టిగా ఉంటుంది.

అలుగు అద్దంలా మెరుస్తుంటే, చల్లని నీలిఛాయ తెలుపు ఉంటే క్రోమ్ పూత, కాస్త పసుపు ఛాయ ఉంటే నికెల్ పూత. క్రోమ్ పూత వాడుకలోకి వచ్చింది 1920ల నుంచే. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా 1913 తర్వాతిదే. "అయస్కాంతం అంటుకుంది కాబట్టి స్టెయిన్‌లెస్ కాదు" అనుకోవద్దు. కత్తులకు వాడే స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకుంటుంది.

## 8. గార్డు, పిడి, పిడి తల

అయస్కాంతం పనికొచ్చేది ఇక్కడ. ఇనుప గార్డు అని చెప్పిన దానికి అంటుకోకపోతే అది పోతపోసిన వేరే లోహం.

గార్డు లోపలి వైపు, అంటే వేళ్లు తగిలే వైపు, టార్చి వేయండి. పోత నకళ్లలో సన్నని అతుకు గీత, సూది మొనంత బుడగల గుంటలు కనిపిస్తాయి. బయటి వైపు పాలిష్ చేస్తారు, లోపల వదిలేస్తారు. పైన పటారం, లోన లొటారం అన్నట్టే ఉంటుంది.

పిడి తల పైన చూడండి. పాత కత్తుల్లో ట్యాంగ్ చివరను పిడి తల గుండా బయటికి తీసి, సుత్తితో కొట్టి చదును చేస్తారు. చిన్న గుబ్బలా కనిపిస్తుంది. ఆ చోట ఆరు పలకల నట్టు ఉంటే చాలావరకు నకలే. ఇరవయ్యో శతాబ్దపు కత్తులు కొన్నిటికి నట్టు ఉంటుంది కాబట్టి నమూనా చూసి మాట్లాడాలి. నాలుగు కోణాల స్క్రూడ్రైవర్‌తో తిప్పే స్క్రూ కనబడితే మాత్రం ఆలోచించక్కర్లేదు.

గుబ్బ మీద తాజా సుత్తి దెబ్బలు, చుట్టూ మెరుపు ఉంటే పిడి ఈ మధ్యే విప్పి బిగించారు. మరమ్మతు కావచ్చు, అతుకుల కత్తి కావచ్చు.

అధికారుల కత్తుల పిడికి రే చేప తోలు చుట్టి, మీద మెలితిప్పిన తీగ వేసేవారు. ఆ తోలు మీది గింజలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. అన్నీ ఒకే సైజులో, వరుసలు తీరినట్టు ఉంటే ప్లాస్టిక్. కాల్చిన సూది గుచ్చి చూద్దామనొద్దు, భూతద్దం చాలు.

## 9. తల్వార్లు: మన ఊళ్లలో ఎక్కువ కనిపించేవి

ఇక్కడ పల్లెల్లో పాత కత్తి అంటే తల్వారే. "గడిలో దొరికింది" అనే మాట దాని వెంటే వస్తుంది. ప్రతి దొర గడిలోనూ నిజంగా అన్ని కత్తులుంటే గదులు చాలేవి కావు.

లక్క. తల్వార్ పిడి మొత్తం లోహం. ట్యాంగ్‌ను అందులో పెట్టి లక్కతో బిగిస్తారు, రివెట్లు ఉండవు. గార్డు, అలుగు కలిసే సందులో టార్చి వేయండి. పాత లక్క ముదురు గోధుమ, నలుపు రంగులో పగుళ్లు పట్టి ఉంటుంది. తెల్లగానో బూడిదరంగులోనో గట్టి మైనంలా ఉంటే ఈ కాలపు అంటుమందు. పాత లక్క ఊడిపోవడం మామూలే, కత్తి వాడుకలో ఉన్నప్పుడే పిడి మార్చినవీ ఉన్నాయి. అంటుమందు ఒక్కటే కనబడితే "మరమ్మతు" అని రాసుకుని ముందుకు వెళ్లండి.

పసుపు, కుంకుమ. జనగామ వైపు ఒక ఇంట్లో తల్వార్ చూశాను. పెద్దాయన "మా తాత దసరాకు దీనికే పూజ చేసేటోడు బిడ్డా" అన్నాడు. పిడి సందుల్లో చూస్తే అడుగున నూనె జిడ్డు నల్లగా గట్టిపడి, దాని మీద పసుపు పొర, మళ్లీ జిడ్డు, మళ్లీ కుంకుమ. గోటితో గీస్తే రాలేదు. ఆ తర్వాత నెలలోనే ఇంకోచోట చూసిన కత్తికీ కుంకుమ ఉంది, కానీ ఊదితే ఎగిరిపోయింది.

బంగారు తీగ పని. కోఫ్త్‌గరిలో ముందు ఇనుము మీద అడ్డదిడ్డంగా గీతలు గీకి, వాటిలో సన్నని తీగ కొట్టి దించుతారు. బంగారం రాలిపోయిన చోట ఆ గీతలు భూతద్దంలో కనిపించాలి. రాలిన చోట నున్నటి ఇనుము ఉంటే అది బంగారు రంగు పెయింటు.

ఫార్సీ, ఉర్దూ రాతలు. వరంగల్‌లో ఉర్దూ చదివేవాళ్లకు కొదవ లేదు. ఫొటో తీసి ఒక పెద్దాయనకు చూపించండి. నకిలీల మీద అక్షరాలు తిరగబడి, అర్థం లేకుండా ఉంటాయి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది. 1300 హిజ్రీ అంటే సుమారు 1883. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పాలన 1911లో మొదలైంది. ఆయన పేరు పక్కన 1250 హిజ్రీ, అంటే 1834 ప్రాంతం, ఉంటే రాసినవాడికి లెక్క తప్పింది.

"కోనసముద్రం ఉక్కు" అన్నప్పుడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం, నిర్మల్ ప్రాంతాల మూస ఉక్కుకు (మట్టి మూసలో కరిగించి చేసే ఉక్కుకు) నిజంగానే పేరుంది. అందుకే ఆ మాట చెప్పి ధర మూడింతలు చేస్తారు. ఆ ఉక్కు మీద కనిపించే నీటి అలల గీతలు చాలా సన్నగా, ఏ రెండు చోట్లా ఒకేలా లేకుండా ఉంటాయి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మే పొరల ఉక్కులో గీతలు లావుగా, ఒక తీరుగా మళ్లీ మళ్లీ వస్తాయి. ఆసిడ్‌తో పైపైన గీసిందైతే వాదర మీద నొక్కు పడ్డచోట గీత ఆగిపోతుంది. అసలులో నొక్కు లోపలికీ గీత సాగుతుంది. పాలిష్ చేసి చేసి గీతలు పోయిన అసలు కత్తులూ ఉన్నాయి. గీతలు తేవడానికి మీరు ఆసిడ్ పూయొద్దు.

## 10. ఒర

కత్తి ఒరలోకి కడదాకా వెళ్లాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. ఇనుప ఒరను నెమ్మదిగా ఊపితే లోపలి చెక్క పలకలు ఊడి చప్పుడు చేయొచ్చు, అది పాతదనానికి మంచి గుర్తే. ఒర మీద, గార్డు మీద నంబర్లు ఉంటే పోల్చండి. కలవకపోతే నకిలీ అనక్కర్లేదు, ధర మాత్రం తగ్గాలి.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పడం. నట్టు కనబడిందని అసలు కత్తి వదిలేసినవాళ్లున్నారు, ముద్ర కనబడిందని నకలు కొన్నవాళ్లూ ఉన్నారు. అనుమానాలు, అనుకూలాలు రెండు వరుసల్లో రాయండి. మందం, ముద్రలు, తుప్పు, పిడి తల, ఈ నాలుగింటిలో రెండు తేడాగా ఉంటే నేను కొనను.

"ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది" అనగానే బయానా ఇచ్చేయడం. ఎవరొస్తే వాళ్లే కొనుక్కోనివ్వండి. కనీసం ఒక రాత్రి ఆగండి.

ఆన్‌లైన్‌లో మూడు ఫొటోలు చూసి డబ్బు పంపడం. ఈ ఫొటోలు అడగండి: రికాసో రెండు వైపులా, పైనుంచి వెన్ను, పిడి తల పైభాగం, గార్డు లోపల, ఒర నోరు, క్యాలిపర్ పెట్టి మూడు చోట్ల మందం. పంపడానికి ఇష్టపడకపోతే బేరం వదిలేయండి.

కొనకముందే తెలివి చూపించడం. "ఇక్కడ ఇండియా అని అరగదీశారు కదా" అని దుకాణంలో గట్టిగా అంటే, వచ్చేసారి ఆ పల్లం ఇంకా బాగా పూడ్చి పెడతారు. దండం పెట్టి బయటికి రండి.

## 12. చట్టం సంగతి, కాగితాలు

ఇది వదిలేసి బేరానికి వెళ్లొద్దు.

- ఆయుధాల చట్టం, 1959 కింద వచ్చిన 2016 నిబంధనల్లో కత్తులు కూడా ఆయుధాల జాబితాలో ఉన్నాయి. లైసెన్సు కావాలా వద్దా అన్నది ఆ ప్రాంతానికి వచ్చిన ప్రకటనను బట్టి ఉంటుంది. మీ పోలీసు స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. బయట చేత్తో పట్టుకుని తిరగొద్దు.
- పురావస్తువుల చట్టం, 1972 ప్రకారం వందేళ్లు నిండిన కత్తి పురావస్తువు. దాన్ని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. వ్యాపారంగా అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి, చూపించమని అడగండి.
- "పొలం దున్నుతుంటే దొరికింది" అంటే కొనొద్దు. భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలని చట్టం చెప్తుంది.

రసీదులో "పాత కత్తి ఒకటి" అని రాయించుకోవద్దు. నమూనా, ఏ కాలానిదని చెప్పారో, అలుగు పొడవు, ముద్రలు, "నకలని తేలితే ఇన్ని రోజుల్లో డబ్బు వాపసు" అన్న వాక్యం ఉండాలి. ఆ వాక్యం రాయమన్నప్పుడు అమ్మేవాళ్ల ముఖం చూడండి. అసలు వస్తువు అమ్మేవాళ్లు పెద్దగా ఆలోచించకుండా రాసిస్తారు.

## 13. వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకునే చీటీ

- [ ] పగటి వెలుగులో చూశానా?
- [ ] నమూనా, చెప్పిన కాలం కలిశాయా?
- [ ] వెన్ను మందం మూడు చోట్ల కొలిచానా?
- [ ] రికాసో మీద నీడ వంగిందా?
- [ ] ముద్ర ముందా, తుప్పు ముందా?
- [ ] కిరీటం, అక్షరాలు, పేరు ఒకే కాలానివా?
- [ ] దూదికి ఏ రంగు వచ్చింది?
- [ ] పిడి తల మీద గుబ్బా, నట్టా?
- [ ] గార్డు లోపల అతుకు గీత ఉందా?
- [ ] రసీదులో వాపసు వాక్యం ఉందా?

## 14. ఇంటికి తెచ్చాక

మొదటి వారం ఏమీ తోమొద్దు. బ్రాసో, ఇసుక కాగితం, చింతపండు దేన్నీ దగ్గరికి రానివ్వొద్దు. వందేళ్ల నలుపును అరగంటలో తీసేస్తే విలువ సగం పోతుంది, రేపు ఎవరికైనా చూపించి అడగడానికి సాక్ష్యమూ మిగలదు.

మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, కుట్టు మిషన్ నూనె పలచగా రాయండి. నారింజ రంగు కొత్త తుప్పు ఉన్న చోట నూనె వేసి ఒక రోజు నాననిచ్చి గుడ్డతోనే తుడవండి. ఒట్టి చేత్తో అలుగు ముట్టుకుంటే వేలిముద్ర చెమటకే తుప్పు పడుతుంది.

తోలు ఒర అయితే కత్తిని అందులో దాచొద్దు. తోలు తేమను పీల్చి అలుగుకు పట్టిస్తుంది. రెండిటినీ పక్కపక్కన నూలు గుడ్డలో చుట్టి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక దసరాకు ఒకసారి తీసి నూనె గుడ్డతో తుడిస్తే చాలు.